మనోవ్యాధి – ఔషధము – శ్రావకధర్మము

ధ్యానము నాలుగు విధములని జినశాసనము చెప్పుచున్నది: ఆర్తము, రౌద్రము, ధర్మము, శుక్లము. మొదటి రెండును సంసారమునకు త్రోవ. కడపటి రెండును మోక్షమునకు త్రోవ. ఇందులో ఆర్తధ్యానము మరల నాలుగు తెరగులు. ఇష్టమైనది దూరమైనప్పుడు కలుగు చింత ఒకటి, అనిష్టమైనది దాపురించినప్పుడు కలుగు చింత ఒకటి, దేహబాధచేత కలుగు చింత ఒకటి, రాబోవు భోగములను గూర్చిన చింత ఒకటి. సామాయికమున కూర్చుండు ప్రతి శ్రావకుడును, ప్రతి శ్రావికయు ఈ పాఠమును చిన్ననాటనుండి విన్నవారే.

అయితే విన్న పాఠమును ఎక్కడ ప్రయోగింపవలెనో, ఎక్కడ ప్రయోగింపరాదో తెలియుటయే వివేకము. బంగారము తూచు త్రాసులో బియ్యపు బస్తాను తూచు వర్తకుడు లేడు. అట్లే మనస్సునకు కలుగు ప్రతి కుంగుబాటును ఆర్తధ్యానమను ఒక్క త్రాసులోనే వేసి తూచుట పొరపాటు. ఆ పొరపాటునకు కొన్ని కుటుంబములు చెల్లించిన వెల సామాన్యమైనది కాదు.

చెన్నపట్టణములో షావుకారుపేటయందో, వేపేరియందో, పురసవాకమందో ఒక వర్తకుడున్నాడనుకొందురు గాక. నెల దినములుగా అతడు అంగడికి సరిగా పోవుటలేదు. పోయినను చిట్టా తెరచి, ఒక పుట చూచి, మూసివేయును. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చును. మరల నిద్ర పట్టదు. పెండ్లిండ్లకు పోడు. మందిరమునకు పోయినను ప్రతిమ ఎదుట నిలిచి ఏమియు తోచక తిరిగి వచ్చును. ఇంటివారేమందురు? “అంతయు కర్మ. సామాయికములు రెండు చేయుచుంటివి, నాలుగు చేయుము. నవకార జపము పెంచుము. ఇంత వ్యాపారము, ఇంత కుటుంబము ఉండగా నీకేమి లోటు?” అందురు. వారి మాటలో ప్రేమ కలదు. కాని రోగి చెవికి ఆ మాట మరొక విధముగా వినబడును: “నా వ్యాపారమే కాదు, నా ధర్మము కూడ చెడినది” అని అతడు తలచును. ఒక బరువు మోయలేనివాని తలపై రెండవ బరువు పెట్టినట్లగును.

కావున మొదట ఈ రోగమును గుర్తించుట యెట్లో తెలిసికొనవలెను.

దుఃఖము వేరు, రోగము వేరు. తండ్రి గతించినప్పుడు కుమారుడు ఏడ్చుట రోగము కాదు. సరుకు ధర పడిపోయిన నాడు నిద్ర పట్టకపోవుట రోగము కాదు. ఆ దుఃఖము అలవలె వచ్చి పోవును. నడుమ మనుమని ముద్దుమాట వినిన పెదవిపై చిరునవ్వు మొలచును. డిప్రెషన్ అని వైద్యులు చెప్పు కుంగుబాటు అట్టిది కాదు. రెండు వారములు గాని, అంతకు మించి గాని దినమంతయు మనస్సు మబ్బు పట్టినట్లుండుట. ఒకప్పుడు ఇష్టమైన పనులందు రుచి పోవుట – ఈ రెండింటిలో ఒకటియైనను ఉండును. దానితోపాటు నిద్ర తగ్గుట లేక మితిమీరుట, ఆకలి చెడుట, దేహము తూకము మారుట, కొద్ది పనికే అలసట, ఏకాగ్రత కుదరకపోవుట, చిన్న నిర్ణయము కూడ చేయలేకపోవుట, తాను పనికిరానివాడనని, కుటుంబమునకు భారమని తోచుట, మరణమును గూర్చిన తలంపులు వచ్చుట – వీనిలో పలు లక్షణములు కూడియుండును.

మన దేశములో ఈ రోగము తరచు దేహము మాటున దాగియుండును. రోగి “మనస్సు బాగులేదు” అనడు; “తలనొప్పి”, “గుండె బరువు”, “గ్యాసు”, “నీరసము” అని చెప్పును. పురుషులలో కొందరికి విచారమునకు మారుగా కోపము పైకి వచ్చును. నిన్నటిదాక శాంతముగానున్న యజమాని గుమాస్తాపై విరుచుకుపడును. ప్రసవమైన కోడలు బిడ్డను చూచి సంతోషింపక కన్నీరు పెట్టుకొనుచుండిన, రెండు వారములు దాటినను అది తగ్గకుండిన, “పుట్టింటి గారాబము” అని త్రోసివేయరాదు. వృద్ధులలో మతిమరుపువలె కనబడును. పరీక్షలకు చదువు పిల్లలలో సోమరితనమువలె కనబడును.

ఇంకొకటి. థైరాయిడు గ్రంథి మందగించినను, రక్తహీనత కలిగినను, బి12 విటమిను లోపించినను మనస్సు కుంగుటయు, అలసటయు కలుగవచ్చును. బి12 సహజముగా మాంసము, గ్రుడ్లు, పాలు మొదలగు జంతుసంబంధమైన ఆహారమందే లభించును గనుక శాకాహారులలో, ముఖ్యముగా పాలు పెరుగు తక్కువగా తీసికొనువారిలో, ఈ లోపము తరచుగా కనబడును. అందుచేత మంచి వైద్యుడు ముందు రక్తపరీక్ష చేయించును. అహింసావ్రతము దీనిచేత ఏమాత్రము తగ్గదు; లోపమును మాత్రలతో పూరింపవచ్చును.

ఇది ఎక్కడనో ఒకరికి వచ్చు రోగము కాదు. 2015–16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మన దేశమందలి వయోజనులలో సుమారు 20 మందిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కుంగుబాటునకు లోనైనవారని తేలినది. నలుబది మంది గల ఉమ్మడి కుటుంబమునకు ఈ లెక్క ఏమి చెప్పుచున్నదో వర్తకులకు వివరింపనక్కరలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. శోకము, అరతి అనునవి మోహనీయ కర్మయొక్క భేదములు గదా; బాధ అసాతావేదనీయ కర్మోదయము గదా; కర్మ ఫలించుచుండగా మాత్ర ఏమి చేయును? – ఈ ప్రశ్న శ్రద్ధగలవారి ప్రశ్నయే గనుక శ్రద్ధతోనే సమాధానము వెదకవలెను.

జ్వరము కూడ అసాతావేదనీయ కర్మోదయమే. ఎముక విరుగుటయు అంతే. అయినను జ్వరమునకు వైద్యుని పిలువని శ్రావకుడు లేడు. విరిగిన ఎముకకు కట్టు కట్టించుట కర్మసిద్ధాంతమునకు విరుద్ధమని ఏ ఆచార్యుడును చెప్పలేదు. ఏలయన కర్మ యొంటరిగా ఫలింపదు. ద్రవ్యము, క్షేత్రము, కాలము, భావము అను నిమిత్తములను పురస్కరించుకొని ఫలించును. కాలము, స్వభావము, నియతి, కర్మ, పురుషార్థము – ఈ అయిదును కూడిననే కార్యము సిద్ధించునని అనేకాంతవాదము బోధించుచున్నది. కర్మ యొక్కటే కారణమని పట్టుకొనుట ఏకాంతము. మెదడు కూడ దేహములోని యొక అవయవమే, అదియు పుద్గలమే. కాలేయము చెడినప్పుడు ఔషధము నిమిత్తమైనట్లే మెదడు చెడినప్పుడును ఔషధము నిమిత్తమగును. కడుపు నొప్పికి మందు మ్రింగి, మెదడు నొప్పికి మాత్రము మందు వలదనుటలో తర్కము లేదు. సిగ్గు మాత్రమే ఉన్నది.

శ్వేతాంబర ఆగమమైన భగవతీసూత్రములో ఒక వృత్తాంతము కలదు. గోశాలకుని తేజోలేశ్యచేత భగవాన్ మహావీరుని దేహమునకు తీవ్రమైన తాపము కలిగి, రక్తవిరేచనములు పట్టుకొనెను. ఆరు నెలలలో భగవానుడు నిర్యాణము చెందునని లోకులు చెప్పుకొనసాగిరి. సింహుడను మునీశ్వరుడు రెండేసి దినముల ఉపవాసములతో తపస్సు చేయుచుండెను. ఈ మాట తలపునకు వచ్చినంతనే ధ్యానము చెదరి, మాలుకాకచ్ఛమను వనము చొచ్చి బిగ్గరగా విలపించెను. భగవానుడది గ్రహించి కొందరు మునులను పంపి అతనిని పిలిపించెను. తానింకను పెక్కేండ్లు జీవింతునని ఓదార్చెను. మెంఢియగ్రామమందలి రేవతి అను గృహిణి యింటికి పొమ్మనెను. తనకై ప్రత్యేకముగ చేసినదానిని తేవలదనియు, ముందే సిద్ధమైయున్న మరొక ఔషధపాకమును తెమ్మనియు చెప్పెను. దానిని స్వీకరించిన పిదప రోగము శమించెను. సంఘమంతయు సంతోషించెను.

ఈ వృత్తాంతమున రెండు విషయములు గమనింపదగినవి. అనంతవీర్యుడైన తీర్థంకరుడే ఔషధమును స్వీకరించెను. సాధుచర్యలోని నియమమును తప్పకుండ స్వీకరించెను. ఇది యొకటి. ఏడ్చుచున్న మునిని “తపస్వివై యుండి ఏడ్చుటయా?” అని గద్దింపలేదు, కబురంపి దగ్గరకు పిలిచి, మాట చెప్పి, ఒక పని అప్పగించెను. ఇది రెండవది. మొదటిది రోగికి పాఠము. రెండవది రోగి బంధువులకు పాఠము.

ఉత్తరాధ్యయన సూత్రములోని అనాథిముని కథను కొందరు దీనికి ఎదురుగా చెప్పుదురు. కన్నుల బాధకు వైద్యులెందరు వచ్చినను నయము కాలేదు. దీక్ష పట్టుదునని సంకల్పించినంతనే తగ్గెను గదా యందురు. నిజమే. కాని ఆ కథ శ్రేణికరాజునకు బోధించినది ఒకరు మరొకరికి నాథుడు కాజాలడను తత్త్వము. రోగికి వైద్యము మానిపింపుమని కాదు. ఆ కథలోని తండ్రి కూడ వైద్యులను రప్పించెను, నాలుగు పాదముల చికిత్స చేయించెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి – ఇవియే ఆ నాలుగు పాదములు. మంచమునకు నాలుగు కోళ్లవంటివి. ఒకటి లేకున్నను మంచము నిలువదు.

మొదటి పాదము వైద్యుడు. ఈ విషయమున చెన్నపట్టణము పేదది కాదు. 1794లోనే ఇచ్చట మనోరోగుల ఆశ్రమము వెలసెను. 1871లో అది కీల్పాకునకు తరలినది. నేటి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ అదియే. ఆ ఆసుపత్రికి 1961లో తొలి మహిళా సూపరింటెండెంటైన డాక్టర్ శారదా మేనోన్, గొలుసుల కాలమునాటి భయమును జనుల మనస్సులనుండి తొలగించుటకు జీవితమును ధారపోసెను. 1984లో స్కార్ఫ్ సంస్థను స్థాపించెను. 1992లో పద్మభూషణ్ పొందెను. 2021లో 98 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. అట్టివారి కృషి ఉండగా మనోవైద్యుని వద్దకు పోవుటకు సందు మలుపులో ముఖము చాటు చేసికొనవలసిన పని లేదు.

రెండవ పాదము ఔషధము. ఈ మందుల పుట్టుక విచిత్రమైనది. 1950 దశకములో క్షయరోగులకిచ్చిన ఇప్రోనియాజిడ్ అను మందుచేత వారి మనస్సులు తేలికపడుట వైద్యులు గమనించిరి. 1957లో స్విట్జర్లాండులోని రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ అను మందు ఫలితములను ప్రకటించెను. 1987లో అమెరికాలో ఫ్లూయాక్సెటిన్‌కు అనుమతి లభించినది. సెర్ట్రలిన్, ఎసిటాలోప్రామ్ మొదలగునవి తరువాత వచ్చినవి. నేడు వైద్యులు తరచు మొదట వాడునవి ఈ క్రొత్త తరగతి మందులే. పాత తరగతివి కూడ పనిచేయును గాని, మోతాదు మించిన గుండెకు మిక్కిలి అపాయకరములు.

వీనిని గూర్చి మూడు అపోహలు ప్రచారములోనున్నవి. “అలవాటు పడిపోవుదురు” అనునది మొదటిది. కుంగుబాటు మందులు మత్తు పదార్థములు కావు. ఇంకను ఇంకను కావలెనను తృష్ణను పుట్టింపవు. అయితే ఒక్కసారిగా మానిన తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి, దేహములో విద్యుత్తు తగిలినట్లు జలదరింపు కలుగవచ్చును. కావున వైద్యుడు చెప్పిన క్రమమున మెల్లమెల్లగా తగ్గింపవలెను. నిజముగా అలవాటు చేయునవి అల్ప్రజోలాం వంటి నిద్రమాత్రలు. చీటీ లేకుండ వానిని మందుల దుకాణములో కొని ఏండ్ల తరబడి మ్రింగువారు, కుంగుబాటు మందునకు మాత్రము భయపడుట విడ్డూరము.

“వారము వాడితిని, గుణము లేదు” అనునది రెండవది. ఈ మందులు పనిచేయుటకు రెండు మొదలు నాలుగు వారములు, పూర్తి ఫలమునకు ఆరు వారములు లేక అంతకు మించి పట్టును. వికారము, తలనొప్పి, నిద్రలో మార్పు, కొంత అలజడి మాత్రము మొదటి దినములలోనే వచ్చి, తరచు కొలది వారములలో తగ్గును. అనగా ఖర్చు ముందు, రాబడి వెనుక. వర్తకునికి ఈ లెక్క క్రొత్తది కాదు. దాంపత్యజీవనములో ఆసక్తి తగ్గుట వంటి కష్టము నిలిచియుండిన, సిగ్గుపడి మందు మానుటకంటె వైద్యునికి చెప్పి మందు మార్పించుకొనుట మేలు.

“తగ్గినది గదా, ఇక నేల?” అనునది మూడవది. గుణము కనబడిన పిదప కూడ మరి ఆరు నెలలైనను, తరచు అంతకు మించియు వాడవలెను. నడుమ మానిన రోగము తిరుగబెట్టు భయము ఎక్కువ.

భద్రత విషయమున జాగ్రత్తలు కొన్ని గలవు. 25 ఏండ్ల లోపువారిలో మొదటి వారములందు, మోతాదు మార్చినప్పుడును, ఆత్మహత్యా భావములు పెరుగవచ్చునని 2004లోను, 2007లోను అమెరికా ఔషధ శాఖ హెచ్చరించినది. దీని యర్థము మందు వలదని కాదు. ఆ వారములలో ఇంటివారు దగ్గరనుండి కనిపెట్టవలెనని. మందు మొదలిడిన పిదప రోగి రెండు గంటలే నిద్రించి, అలసట యెరుగక, గలగల మాటలాడుచు, తలకు మించిన బేరములు కుదుర్చుకొనుచుండిన, “మావాడు కోలుకొన్నాడు” అని పొంగిపోరాదు. అది ఉన్మాదస్థితికి గుర్తు కావచ్చును. వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఆస్పిరిన్, నొప్పి మాత్రలు, ట్రమడాల్, ఇతర మందులు, మూలికలు ఏవి వాడుచున్నను దాచక చెప్పవలెను. కొన్నిటితో కూడిన రక్తస్రావమునకు, మరి కొన్నిటితో కూడిన తీవ్రజ్వరము, వణుకు, కండరముల బిగువు గల అపాయస్థితికి దారితీయును. వృద్ధులలో రక్తమందలి సోడియము తగ్గి, తడబాటు, మగత రావచ్చును. గర్భిణులును, పాలిచ్చు తల్లులును తమంతట తాము మందు మానరాదు; వైద్యునితో ఆలోచింపవలెను.

జైన గృహములందు విశేషముగా తెలియవలసినవి రెండు. గొట్టము మాత్రలు, అనగా క్యాప్సూళ్లు, పెక్కు జంతువుల ఎముకలనుండియు, చర్మమునుండియు తీసిన జెలటిన్‌తో చేయబడును. ఇది తెలిసి కొందరు ఎవరితోను చెప్పక మందు మానివేయుదురు. అది పరిష్కారము కాదు. వైద్యుని అడిగిన బిళ్లరూపమున దొరకు మందునో, శాకసంబంధమైన గొట్టము గల మందునో వ్రాయును. రెండవది ఉపవాసము, చౌవిహారము. ఈ మందులలో పెక్కు దినమునకు ఒకమారు తీసికొనునవే. పగటివేళకు మార్చవీలగునేమో వైద్యుడు చెప్పును. పర్యూషణమున అఠాయి పట్టదలచినవారు ముందే వైద్యునితో మాటలాడవలెను. లిథియము వాడువారు నీరు తగ్గించిన ఆ మందు రక్తములో పేరుకొని విషమగును. వారికి నిర్జల ఉపవాసము ప్రాణాపాయము. ప్రత్యాఖ్యానములలోనే సర్వసమాధికై ఒక ఆగారము ఉంచబడినది. రోగపీడచేత చిత్తసమాధి చెడునప్పుడు ఔషధము తీసికొనిన వ్రతభంగము కాదని పూర్వులు ముందే ఎరిగి ఆ ద్వారమును తెరచియుంచిరి. వారు తెరచిన తలుపును వారసులు మూయనేల?

మూడవ పాదము పరిచారకుడు. ఆరు అంతరంగ తపస్సులలో వైయావృత్యము ఒకటి. రోగిసేవ ధ్యానముతో, స్వాధ్యాయముతో సమానపంక్తిలో కూర్చుండబెట్టబడినది. దానములలో ఔషధదానమునకు గల గౌరవమును జైనులకు వేరుగ చెప్పనేల? ధర్మాసుపత్రులకు లక్షలిచ్చు చేయి, స్వగృహములోని కోడలిని మనోవైద్యుని వద్దకు తీసికొనిపోవుటకు వెనుదీయరాదు. “పెండ్లి సంబంధములు చెడును” అను భయముచేత రోగమును దాచుదురు. దాచిన రోగము దాచిన అప్పువలె వడ్డీతో పెరుగును.

రోగి నోట మరణపు మాట వచ్చిన, మరియొక జాగ్రత్త అవసరము. “నాకు సంథారా ఇప్పింపుడు, జీవితముపై విరక్తి కలిగినది” అని కుంగినవాడు పలుకవచ్చును. అది వైరాగ్యమో, వ్యాధియో తేల్చుకొనవలెను. మరణాశంస, అనగా త్వరగా చావవలెనను కోరిక, సల్లేఖనకు అతిచారమని తత్త్వార్థసూత్రమే చెప్పుచున్నది. వైరాగ్యము గలవానికి చావుపై కోరిక లేదు, బ్రతుకుపై ద్వేషము లేదు. కుంగినవానికి రెండును ఉన్నవి. పైకి రెండును ఒకే మాటగా వినబడినను, ఒకటి ఆత్మబలము, మరొకటి రోగలక్షణము. అట్టివానికి కావలసినది ప్రత్యాఖ్యానము కాదు, వైద్యుడు. చావు తలంపు కలదా అని మెల్లగా అడిగిన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. దాచుకొన్న బరువు దిగును. అతనిని ఒంటరిగా విడువరాదు. మాత్రలు మరియొకరి చేతిలో ఉండవలెను. ఆ దినమే వైద్యునికి చూపవలెను. చెన్నపట్టణమున డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్థాపించిన స్నేహ సంస్థ ఇట్టివారి మాట వినుటకే వెలసినది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ 14416 సంఖ్యకు పిలిచిన తెలుగులో కూడ సలహా దొరకును. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము ఆత్మహత్యకు యత్నించినవానిని నేరస్థునిగా గాక తీవ్ర వ్యథలోనున్నవానిగా ఎంచుమన్నది. మనోవ్యాధికిని ఇతర వ్యాధులతో సమానముగ బీమా ఇయ్యవలెనన్నది.

నాలుగవ పాదము రోగి. అతడు చేయవలసినది స్వల్పము. కాని అతనికది కొండంత. ఉన్నది ఉన్నట్లు చెప్పుట, మందు తప్పక వాడుట, వీలైనంత నడచుట, వైద్యుడు సూచించిన మాటల చికిత్సకు పోవుట. రోగము తేలికగానున్న మాటల చికిత్స ఒక్కటే చాలునట్టి సందర్భములును కలవు. జపము, సామాయికము మానవలసిన పని లేదు. చేయలేకపోయిన నాడు పాపమని కుమిలిపోవలసిన పనియు లేదు. నూనె తగ్గిన దీపమునకు వత్తి పెంచిన వెలుగు రాదు, వత్తియే కాలిపోవును. ముందు నూనె పోయవలెను. మందుచేత మనస్సు కుదుటపడిన నాడు అదే సామాయికము మరల రుచించును, అదే నవకారము మరల నోటికి వచ్చును. అనగా ఔషధము ధర్మధ్యానమునకు పోటీ కాదు. ధర్మధ్యానమునకు కూర్చుండుటకు పీట.

సంవత్సరీనాడు ఇంటింటను క్షమాపణ కోరుట ఆచారము. తెలిసియో తెలియకయో సోమరి యని, పిరికివాడని, ధర్మము తప్పినవాడని ఏ రోగినైనను నిందించియుండిన కుటుంబములు ఆ దినమున వానిని గూడ తలచుకొనును గాక. ఏ యింటిలో తెల్లవారుజామున ఒక దీపము నిద్రలేక వెలుగుచున్నదో, ఆ యింటి తలుపు తట్టి “ఎట్లున్నారు?” అని అడుగు బంధువు ఉండు గాక. సర్వజీవులపై మైత్రి బోధించిన శాసనమందు, ప్రక్కగదిలోని జీవికి మొదట మైత్రి లభించు గాక. రోగులకు ఆరోగ్యము, పరిచారకులకు ఓర్పు, సంఘమునకు శాంతి కలుగు గాక.